నీలం సంజీవరెడ్డి : ఓటు చెప్పిన తీర్పులు

అనంతపురం సీమలో రైతు ఆకాశాన్ని నమ్మి విత్తనం వేస్తాడు గాని, ఆకాశం మాటను పూర్తిగా విశ్వసించడు. సంవత్సరానికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే నేల ఇది. అదైనా అదనుకు వస్తుందన్న భరోసా లేదు. ఇటువంటి నేలపై పుట్టినవారికి పాలకుల వాగ్దానాలను కూడా మేఘాలను చూచినట్లే చూడటం అలవాటవుతుంది. 1800లో నిజాము ప్రభువు ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించినప్పుడు ఇక్కడి ప్రజలను ఎవరూ అడగలేదు. దత్తమండలాలన్న పేరులోనే ఆ సంగతి దాగి ఉంది. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ ఇద్దరు ప్రభువులు ఉన్నారు, మధ్యలో నేల ఉన్నది. ఆ నేలమీది మనుష్యుల సమ్మతి అన్న ప్రశ్నే పుట్టలేదు. రాయలసీమ అన్న గౌరవనామం వచ్చింది 1928లో. పాలకుని ఎన్నుకునే హక్కు ఇక్కడి సామాన్యునికి దక్కడానికి అటుపైన మరి ఇరవైనాలుగు సంవత్సరాలు పట్టింది.

ఆ హక్కు మొదటిసారి వినియోగంలోకి వచ్చిన రోజున దాని తీర్పుకు గురైన ప్రముఖులలో ఈ జిల్లా బిడ్డయే అయిన నీలం సంజీవరెడ్డి ఒకరు. ఆయన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి, భారతదేశానికి ఆరవ రాష్ట్రపతి. ఆ పదవుల వరుసను ఏకరువు పెట్టడం ఈ పాఠం ఉద్దేశం కాదు. ప్రజల ఓటు, న్యాయస్థానం, చట్టసభ అనే మూడు శక్తుల ఎదుట ఒక పాలకుడు ఎట్లా నిలిచాడో, ఎక్కడ తడబడ్డాడో తెలుసుకోవడానికి ఆయన జీవితం చక్కని ఆధారం.

సంజీవరెడ్డి 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో సంపన్న వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. తండ్రి చిన్నపరెడ్డి. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజ పాఠశాలలో చదివి, ఉన్నతవిద్యకు అనంతపురం ప్రభుత్వ కళాశాలలో చేరారు. 1929లో మహాత్మాగాంధీ అనంతపురం వచ్చారు. ఆ రాక ఆ యువకుని జీవితమార్గాన్ని మార్చివేసింది. విదేశీ వస్త్రాలను విసర్జించి ఖద్దరు ధరించారు. 1931లో చదువుకు స్వస్తి చెప్పి స్వాతంత్ర్యోద్యమంలో దూకారు. 1938లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘానికి కార్యదర్శి అయి, పది సంవత్సరాలు ఆ బాధ్యతను మోశారు.

1940 నుండి 1945 వరకు ఆయన కాలం ఎక్కువగా కారాగారాలలోనే గడిచింది. 1942 ఆగస్టులో అరెస్టయిన తరువాత ఆయనను అమరావతి జైలుకు పంపారు. ఇది మన కృష్ణాతీరపు అమరావతి కాదు, నేటి మహారాష్ట్రలోని విదర్భ పట్టణం. టంగుటూరి ప్రకాశం, సత్యమూర్తి, కామరాజు, వరాహగిరి వెంకటగిరి అక్కడ ఆయన సహవాసులు. ఈ చివరి పేరును విద్యార్థులు గుర్తుంచుకోవాలి. ఇరవైయేడు సంవత్సరాల తరువాత ఈ కథలో అది మళ్లీ వినిపిస్తుంది.

విచారణ లేకుండా మనిషిని బంధించే అధికారం ప్రభుత్వానికి ఉంటే ఏమవుతుందో ఆ తరం నాయకులు తమ శరీరాలతో తెలుసుకున్నారు. అయినా స్వతంత్ర భారత రాజ్యాంగం నివారక నిర్బంధానికి చోటిచ్చింది. 1950లో పార్లమెంటు అందుకొక చట్టమే చేసింది. రాజ్యాంగ పరిషత్తులో సంజీవరెడ్డి సభ్యులు. 1949 నుండి 1951 వరకు ఆయన మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖల మంత్రి కూడా. కమ్యూనిస్టులపై నిర్బంధం తీవ్రంగా సాగిన కాలమది. నిన్నటి బందీలు నేటి ప్రభువులై, తమను బంధించిన సంకెళ్లనే భద్రపరచుకొన్నారు. ఈ వైరుధ్యాన్ని సంజీవరెడ్డి ఒక్కరికే అంటగట్టడం న్యాయం కాదు. ఆ తరమంతటికీ అందులో భాగమున్నది.

1952 తొలి సార్వత్రిక ఎన్నికలు ఆ వైరుధ్యాన్ని అనంతపురం వీధులలో నిలబెట్టాయి. అంతకు పూర్వం ఆస్తి, పన్ను, చదువు ఉన్న కొద్దిమందికే ఓటు. ఇప్పుడు ఇరవైయొక్క సంవత్సరాలు నిండిన ప్రతి స్త్రీకీ ప్రతి పురుషునికీ ఓటు. దేశమంతటా సుమారు 17 కోట్లమంది ఓటర్లలో అత్యధికులు నిరక్షరాస్యులు. అందువల్ల అభ్యర్థికొక పెట్టె చొప్పున పెట్టి, పెట్టెపై అతని గుర్తును అంటించారు. ఓటరు తెర చాటుకు వెళ్లి తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి రావాలి. కాంగ్రెసుకు కాడి కట్టిన జోడెడ్లు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. రెండూ సేద్యగాడు ఎరిగిన వస్తువులే.

అనంతపురం శాసనసభా స్థానంలో జోడెడ్ల వైపు సంజీవరెడ్డి, కంకి కొడవలి వైపు తరిమెల నాగిరెడ్డి. నాగిరెడ్డి సంజీవరెడ్డికి స్వయాన బావమరిది. ఆయనా సంపన్న కుటుంబంలో పుట్టి, కాశీ విశ్వవిద్యాలయంలో చదివి, కమ్యూనిస్టు మార్గం పట్టినవారే. బావా బావమరదులు ఎదురుపడితే సరసోక్తులు వినిపించడం మన ఇండ్లలో పరిపాటి. ఇక్కడ సరసానికి చోటు లేదు. ఒకరు నిన్నటిదాకా మంత్రి, ఆంధ్ర కాంగ్రెసుకు అధ్యక్షులు. రెండవవారు నిర్బంధంలో ఉండి పోటీ చేస్తున్న ఖైదీ. తనకోసం ఊరూరా తిరిగి ఓటడిగే అవకాశం ఆ ఖైదీకి లేదు. అయినా ప్రజలు ఖైదీనే గెలిపించారు. ప్రభుత్వం ప్రమాదకారి అని నిర్ణయించిన మనిషిని తమ ప్రతినిధిగా నిర్ణయించే అధికారం తమకుందని ఆ ఓటర్లు తెలియజెప్పారు. రాష్ట్రమంతటా గాలి అట్లాగే ఉండినది. 375 స్థానాల మద్రాసు శాసనసభలో కాంగ్రెసుకు దక్కినవి 152 మాత్రమే.

ఓటమి సంజీవరెడ్డిని రాజకీయాలనుండి తొలగించలేదు. రాజ్యసభకు వెళ్లారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించగానే ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1955 ఎన్నికల తరువాత బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలోనూ అదే పదవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసేనాటికి ఆయన వయస్సు నలభైమూడు. ఆ కాలపు పనులలో ఈ పాఠానికి సంబంధించినది ఒకటి చెప్పాలి. 1959లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ వ్యవస్థను చేపట్టింది. రాజస్థాన్ తరువాత ఆ పనికి పూనుకొన్న రాష్ట్రం మనదే. నెహ్రూ షాద్‌నగర్ వచ్చి దానిని ప్రారంభించారు. అయిదేండ్లకొకసారి హైదరాబాదుకు ప్రతినిధిని పంపడంతో ఓటు పని తీరిపోదని, ఊరి బావికీ బడికీ కూడా అది అవసరమని ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. ఆచరణలో పల్లెల పెద్దరికాలు ఆ ఆలోచనను ఎంతగా వంచాయో మన సీమవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

1960లో ముఖ్యమంత్రి పదవి విడిచి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులైన సంజీవరెడ్డి 1962 మార్చిలో తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఈ రెండవ పర్యాయం రెండు సంవత్సరాలైనా నిండకుండానే ముగిసింది. ముగించినది ఓటు కాదు, న్యాయస్థానం.

కర్నూలు జిల్లాలో ప్రయివేటు యజమానుల చేతిలో ఉన్న బస్సు మార్గాలను ప్రభుత్వం జాతీయం చేయదలచింది. నిపుణులు సూచించిన జిల్లాల వరుసను కాదని కర్నూలును ముందుకు తెచ్చారు. రాజకీయ ప్రత్యర్థులైన బస్సు యజమానులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఈ పని చేయించారని బాధితులు సుప్రీంకోర్టులో ఆరోపించారు. ఆరోపణ ముఖ్యమంత్రి వ్యక్తిగతమైన ఉద్దేశం మీద. దానిని కాదనవలసినదీ ఆయనే. కాని ఆయన ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. ఖండన లేని ఆరోపణను కాదనడానికి ఆధారం లేదని భావించిన న్యాయస్థానం 1964లో ఆ పథకాన్ని కొట్టివేసింది. న్యాయమూర్తులు ఆయనను పదవి దిగమని ఆదేశించలేదు. శిక్ష ఏదీ వేయలేదు. శాసనసభలో ఆయన బలం చెక్కుచెదరలేదు. అయినా ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు.

ఈ ఘట్టాన్ని చెప్పేవారు సాధారణంగా రాజీనామాను మెచ్చి, మొదటి సగాన్ని మరచిపోతారు. బస్సు మార్గం ఒక చిన్న విషయంగా తోచవచ్చు. కాని ప్రభుత్వ యంత్రాంగం ఒక పౌరుని జీవనోపాధిపై రాజకీయ కక్షతో పడిందన్న అనుమానం చిన్నది కాదు. పౌరుడు ప్రభుత్వాన్ని శంకించడానికి హక్కున్నవాడు. ఆ శంకకు సమాధానం చెప్పవలసిన బాధ్యత పాలకునిది. సంజీవరెడ్డి సమాధానం చెప్పవలసిన చోట మౌనం వహించారు, తరువాత ఆ మౌనానికి మూల్యం తానే చెల్లించారు. మహాభారత శాంతిపర్వంలో అంపశయ్య మీది భీష్ముడు ధర్మరాజుకు రాజధర్మాన్ని ఎంత విస్తారంగా బోధించినా, రాజును సింహాసనం దింపగల ధర్మాసనం ఒకటి ఆ రాజ్యంలో లేదు. మన కాలానికి అది ఉన్నది. దాని మాటకు ఆదేశబలం లేనప్పుడు కూడా తలవంచడం ఆనాటికి కొత్త సంప్రదాయం.

తరువాత ఆయన కేంద్రంలో ఉక్కు, గనులు, రవాణా మున్నగు శాఖలను నిర్వహించారు. 1967లో హిందూపురం నుండి లోక్‌సభకు ఎన్నికై సభాపతి అయ్యారు. ఆ ఆసనంపై కూర్చున్న వెంటనే కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా చేశారు. అంతకు ముందటి సభాపతులెవరూ చేయని పని అది. సభాపతి పాలకపక్షానికి చెందినవాడైతే ప్రతిపక్ష సభ్యుని నోటికి రక్షణ ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ రాజీనామా ఒక జవాబు. ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని రాష్ట్రపతి ప్రసంగించిన రోజునే చర్చకు అనుమతించినదీ ఆయన హయాములోనే.

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. బెంగుళూరులో సమావేశమైన కాంగ్రెసు పెద్దలు సంజీవరెడ్డిని అభ్యర్థిగా నిర్ణయించారు. ప్రధాని ఇందిరాగాంధీకి ఆ నిర్ణయం రుచించలేదు. ఆమెకూ పార్టీ పెద్దలకూ నడుమ అధికారంకోసం పెనుగులాట అప్పటికే ముదిరింది. సంజీవరెడ్డి సభాపతి పదవి విడిచి రంగంలో దిగారు. ఎదుట స్వతంత్ర అభ్యర్థిగా నిలిచినది అప్పటి ఉపరాష్ట్రపతి వి.వి.గిరి, అమరావతి జైలులో తోటి ఖైదీ. మూడవ ప్రముఖ అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్. ఇందిరాగాంధీ పార్టీ అభ్యర్థికే ఓటు వేయాలన్న కట్టుబాటును పక్కకు పెట్టి, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయవలసిందిగా సభ్యులకు పిలుపునిచ్చారు.

ఆగస్టు 16న పోలింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్లలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548 విలువ లభించింది. ఎవరికీ కావలసిన ఆధిక్యం రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లను పంచగా దేశ్‌ముఖ్ ఓట్లలో అత్యధికం సంజీవరెడ్డి వైపు మొగ్గాయి. అయినా గిరి 4,20,077తో గెలిచారు. సంజీవరెడ్డి 4,05,427 వద్ద ఆగిపోయారు. తేడా 14,650. ఆ సంవత్సరం నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలింది.

పార్టీ ఆజ్ఞకంటె సభ్యుని వివేకం గొప్పదన్న మాటను సిద్ధాంతంగా కాదనగలవారెవరు? రాష్ట్రపతి ఎన్నికలో ఓటు రహస్యమే, సభ్యుడు స్వతంత్రుడే. కాని ఆ పిలుపు వినిపించిన కంఠం ప్రధానిది. అధికారపీఠం నుండి వచ్చిన పిలుపును ఎందరు తమ అంతరాత్మగా విన్నారో, ఎందరు ప్రభుత్వాజ్ఞగా విన్నారో తేల్చడం చరిత్రకారునికి కూడా సాధ్యం కాదు. ఆ పిలుపులోని స్వేచ్ఛకు విలువ ఎంతో ఆరు సంవత్సరాల తరువాత తెలిసింది. అప్పటివరకు ఆయన అనంతపురం చేరి వ్యవసాయం చూసుకున్నారు. వేరుశనగ చేలకు ఎన్నికల ఫలితాలతో పని లేదు.

1975 మే 1న హైదరాబాదు బహిరంగసభలో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి వేదికనెక్కి ఆయన రాజకీయాలలోకి తిరిగి వచ్చారు. రెండు నెలలైనా గడవలేదు. జూన్ 25 రాత్రి దేశంలో ఆంతరంగిక అత్యవసర పరిస్థితిని ప్రకటించారు. పత్రికలపై ముందస్తు తనిఖీ వచ్చింది. లక్షమందికి పైగా విచారణ లేకుండా జైళ్ల పాలయ్యారు. 1976లో జరగవలసిన లోక్‌సభ ఎన్నికలు వాయిదా పడ్డాయి. నిర్బంధాన్ని ప్రశ్నిస్తూ న్యాయస్థానం తలుపు తట్టే హక్కు కూడా ఆ కాలంలో లేదని సుప్రీంకోర్టే 1976 ఏప్రిల్‌లో తీర్పు చెప్పింది. ఓటును, కోర్టును, పత్రికను ఒకేసారి మూసివేస్తే పౌరుని చేతిలో మిగిలేది ఏమిటో ఆ ఇరవైయొక్క మాసాలు చూపించాయి. 1969లో శాసనసభ సభ్యత్వాన్ని వదిలి విప్లవమార్గం పట్టిన తరిమెల నాగిరెడ్డి ఆ రోజులలోనే, 1976 జూలై 28న, అజ్ఞాతవాసంలో ఉండగా హైదరాబాదులో కన్నుమూశారు. చట్టసభలపై నమ్మకం పూర్తిగా పోయిన మార్గం ఆయనది. బావగారి మార్గం ఓటు పెట్టె వద్దకే మళ్లీ వచ్చింది.

1977 మార్చిలో ఎన్నికలు జరిగాయి. ఉత్తరదేశంలో ప్రభుత్వం కూకటివేళ్లతో కూలింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే దక్కాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పక్షాన గెలిచినవారు సంజీవరెడ్డి. నంద్యాల అప్పట్లో కర్నూలు జిల్లాలోనిదే. పదమూడేండ్ల క్రితం ఏ జిల్లా బస్సు మార్గాలు ఆయన పదవికి ముగింపు పలికాయో, ఆ జిల్లా ఓటర్లే రాష్ట్రమంతా ఒక దారిన పోతుండగా ఆయనను ఒంటరిగా ఢిల్లీకి పంపారు.

మార్చి 26న ఆయన తిరిగి సభాపతి అయ్యారు. జూలైలో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. 37 మంది నామినేషన్లు వేయగా, 36 చెల్లక పోయాయి. ఎనిమిదేండ్ల క్రితం స్వల్పమైన తేడాతో చేజారిన పదవి ఈసారి ఒక్క ఓటు కూడా పడకుండానే లభించింది. 1977 జూలై 25న ప్రమాణం చేసిన ఆయన జీతంలో 70 శాతం తగ్గించుకుంటానని ప్రకటించారు.

రాష్ట్రపతిగా 1979 ఏప్రిల్ 30న ఆయన ఆమోదముద్ర వేసిన రాజ్యాంగ 44వ సవరణను ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. ఆంతరంగిక కల్లోలమన్న అస్పష్టమైన సాకుతో ఇకపై అత్యవసర పరిస్థితి విధించడానికి వీలులేదు, సాయుధ తిరుగుబాటు ఉండాలి. మంత్రివర్గం లిఖితపూర్వకంగా కోరాలి. ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ ఉన్న హక్కును ఏ పరిస్థితిలోనూ నిలిపివేయరాదు. ఆరేండ్లకు పెంచిన లోక్‌సభ కాలం మళ్లీ అయిదేండ్లయింది. ప్రభుత్వాన్ని పూర్తిగా నమ్మకూడదన్న అనుభవం రాజ్యాంగవాక్యంగా మారిన సందర్భమిది.

అదే సంవత్సరం ఆయనకు కఠినపరీక్ష ఎదురైంది. జూలై 15న మొరార్జీ దేశాయి రాజీనామా చేశారు. సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను పిలిచి, ఆగస్టు నెలాఖరులోగా సభ విశ్వాసం పొందమన్నారు. కాంగ్రెసు మద్దతు ఉపసంహరించుకోగా, సభను ఒక్కరోజైనా ఎదుర్కొనకుండానే ఆగస్టు 20న చరణ్‌సింగ్ తప్పుకొన్నారు. తమకు అవకాశమివ్వాలని జగ్జీవన్‌రామ్ కోరారు. రాష్ట్రపతి ఆగస్టు 22న లోక్‌సభను రద్దుచేశారు. ఫిరాయింపుల బేరసారాలకు తావివ్వక నిర్ణయాన్ని ఓటరుకే అప్పగించారని కొందరు సమర్థించారు. ఆ వాదంలో బలముంది. కాని బలాన్ని సభలోనే తేల్చుకొనే అవకాశాన్ని జగ్జీవన్‌రామ్‌కు నిరాకరించి, సభ ముఖం చూడని ప్రధానినే ఎన్నికలు ముగిసేదాకా కొనసాగనివ్వడం, రెండుసార్లు సభాపతి పీఠమెక్కిన వ్యక్తి చేయదగిన పని కాదనిపిస్తుంది. 1980 జనవరిలో ప్రజలు ఇందిరాగాంధీకే అధికారం తిరిగి ఇచ్చారు. ఆమెచేత ప్రమాణం చేయించవలసిన విధి సంజీవరెడ్డి మీదనే పడింది. దానిని ఆయన ఏ అరమరిక లేకుండా నిర్వర్తించారు.

1982 జూలై 25న పదవీకాలం ముగిసింది. ఆయన అనంతపురానికి మరలారు. తమ స్మృతులను ఆంగ్లంలో రాయగా 1989లో ప్రచురితమయ్యాయి. ఓటు వయస్సు ఇరవైయొకటి నుండి పద్దెనిమిదికి తగ్గింది కూడా ఆ సంవత్సరమే.

1996 వేసవి ఎన్నికలలో ఏ పక్షానికీ ఆధిక్యం రాలేదు. ఎవరిని పిలవాలన్న పాత ప్రశ్న మరొక రాష్ట్రపతి ముందు నిలిచింది. శంకర్‌దయాళ్ శర్మ పిలుపుపై ప్రధాని అయిన వాజపేయి పదమూడు రోజులకు, బలం లేదని తెలిసీ, లోక్‌సభ ముందు నిలబడి చర్చకు సమాధానం చెప్పి రాజీనామా చేశారు. జూన్ 1న దేవెగౌడ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ రోజే బెంగుళూరులో నీలం సంజీవరెడ్డి తమ ఎనభైమూడవ ఏట తుదిశ్వాస విడిచారు.